మా పెద్దమ్మకు ఊఁ కొట్టిన డబ్బా

ఆ రోజుల్లో మా చిత్తూరులో కరెంటు గిటారు భుజాన తగిలించుకుని నడిచేవాడి వైపు అందరూ తిరిగి చూసేవాళ్ళు. నన్నూ చూసేవాళ్ళు. వినేవాళ్ళే లేరు. వినయం కొద్దీ చెబుతున్న మాట కాదిది, ఉన్నమాట. తొంభైల నడిమి సంగతి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతూ, సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. వాయించేవాణ్ణి అంటే తీగల మీద వేళ్ళు ఆడించేవాణ్ణి అని అర్థం. గిటారైతే ఉంది గానీ దాన్ని పలికించే యాంప్లిఫయరు నా దగ్గర లేదు. మైకుసెట్టాయన తన పెట్టెలో ఒక మూల నా వైరు గుచ్చి, "వస్తా ఉండాది పోప్పా, నిండా బాగా వస్తా ఉండాది" అని చెప్పి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళిపోయేవాడు. డ్రమ్ములూ తబలా కీబోర్డూ మోగుతుంటే, ఆ మధ్యలో నా గిటారు కల్యాణమండపంలో దోమ పాడినట్టు ఉండేది. అయినా నేను కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, పరవశించిపోతూ వాయించేవాణ్ణి (ఆ ఫొటో ఒకటి ఇంకా ఉంది, దయచేసి అడగకండి).

మా ఆర్కెస్ట్రా నడిపేవాణ్ణి కీబోర్డన్న అనేవాళ్ళం. మంచివాడే, కానీ మొహమాటం లేదు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "అబ్బోడా, నువ్వు వాయిస్తా ఉండావని నాకు తెలుసు, నీకు తెలుసు. జనానికి తెలీదు గదా? గంగ జాతర ప్రోగ్రాంకి నీ సౌండు కడపటి వరసకి వినపడల్ల. లేదంటే సెప్పు, వేరే పిల్లోణ్ణి సూసుకుంటా" అన్నాడు. జాతరకు సరిగ్గా నెల ఉంది. ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆకలేసి తిన్నాను, తింటుండగానే ఆలోచన వచ్చింది. యాంప్లిఫయరు నేనే చేసుకుంటే సరి. పైగా వాల్వులతో.

వాల్వులు ఎందుకంటే, అవి ఇంట్లోనే ఉన్నాయి. మాది పలమనేరు దగ్గర పల్లె. చదువు కోసం చిత్తూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, రేడియో మెకానిక్కు. నేను ఈ పని మొదలుపెట్టేనాటికి ఆయన పోయి మూడేళ్ళు. పిల్లలు లేరు. వంటింటిని ఆనుకునే ఆయన రేడియో గది. రెంటికీ నడుమ గోడలో కాఫీగ్లాసు పట్టేంత కిటికీ ఒకటి ఉండేది, ఆయనకు కాఫీ అందించడానికే పెట్టించుకున్నారు. ఆయన పోయాక ఆ గదిని పెద్దమ్మ రోజూ ఊడ్చేది గానీ ఒక్క వస్తువూ కదపలేదు. బల్ల కింద టూరింగ్ టాకీసు వాళ్ళ పాత యాంప్లిఫయరు ఒకటి, ఎప్పుడో రిపేరుకు వచ్చి తిరిగి పోనిది, అలాగే ఉంది. అలమరలో రేకుడబ్బా నిండా పాత పేపర్లలో చుట్టిన వాల్వులు.

పెద్దనాయన మాట్లాడని మనిషి. పెద్దమ్మ మాట్లాడకుండా ఉండలేని మనిషి. ముప్పయ్యేళ్ళ కాపురం ఆమె మాటల మీదా, ఆయన "ఊఁ" మీదా నడిచింది. ఏమి అడిగినా ఊఁ. ఉప్పు చాలిందా అంటే ఊఁ, వాన వస్తుందా అంటే ఊఁ. అలాంటి మనిషి ఒక్కరోజు ఊఁ అనలేదు. ఆ కథ పెద్దమ్మ నాకు వారానికి ఒకసారి చెప్పేది. వంటచెరుకు తడిసిపోయిందని, మూల పడున్న ఒక పాత రేడియో చెక్కపెట్టెను పగలగొట్టి ఆమె పొయ్యిలో పెట్టింది. అది ఆయన మొదటిసారి సొంతంగా బిగించిన రేడియో పెట్టె అని ఆమెకు తెలియదు. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. మరునాడు పొద్దున చొక్కా వేసుకుని బయలుదేరుతుంటే, "మద్దేనం అన్నానికి వస్తావా, రావా?" అని అడిగింది. ఆయన ఊఁ అనకుండానే వెళ్ళిపోయాడు. బస్టాండులో గుండెనొప్పి వచ్చి అక్కడే పోయాడు, అన్నం వేళకు ఆటోలో తెచ్చి పడుకోబెట్టారు. "కోపంతో పోయినాడా అబ్బోడా? ఆ ఒక్కటి తెలిస్తే సాలు నాకు" అనేది పెద్దమ్మ. పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణి.

గదిని వాడుకుంటానంటే ఆమె ఒక పూట ఆలోచించి తాళం ఇచ్చింది. టాకీసు యాంప్లిఫయరు నుంచి ట్రాన్స్‌ఫార్మరు ఊడదీశాను. మామిడిపండ్ల పెట్టెల చెక్కలతో పైపెట్టె కొట్టాను (వేడెక్కితే పండిన మామిడికాయ వాసన వచ్చేది, అదొక్కటే దాని గురించి అందరూ మెచ్చుకున్నది). రేకుడబ్బాలో ఉన్న వాటిలోకెల్లా పెద్ద వాల్వులు రెండు తీసి బిగించాను. అలాంటివి ఇక మూడోది లేదు, ఊరంతా వెతికినా దొరికేది కాదు. కాలేజీలో వాల్వుల గురించి అడిగితే మా లెక్చరరు, "అవి సిలబస్‌లో లేవు, మ్యూజియంలో ఉంటాయి" అని నవ్వేశాడు. కాబట్టి పాత పుస్తకాల నుంచి, పెద్దనాయన గీసిన బొమ్మల నుంచి, ఎక్కువ భాగం నా ఆత్మవిశ్వాసం నుంచి ఆ డబ్బా తయారైంది. చివరికి మిగిలింది బయాసు.

బయాసు అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే కథ నడవదు (అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు, కాబట్టి మీరూ నేనూ సమానమే). పాట లేనప్పుడు కూడా వాల్వు ఊరకే ఉండదు. కట్టేసిన కొళాయి సన్నగా కారుతున్నట్టు దానిలో కొంచెం కరెంటు పారుతూనే ఉండాలి. ఎంత పారాలో తేల్చేదే బయాసు. తక్కువైతే పాట గరగరమంటుంది. ఎక్కువైతే వాల్వు లోపలి రేకు, ప్లేటంటారు దాన్ని, ఎర్రగా కాలి కొద్ది రోజుల్లో వాల్వు చస్తుంది. దీన్ని సరిచేసే చిన్న మర ఒకటి డబ్బా లోపల ఉంటుంది. కరెంటు పారుతుండగానే దాన్ని తిప్పాలి, పక్కనే నాలుగు వందల వోల్టులు కాచుకుని ఉంటాయి. మీటరున్నవాళ్ళు కొలిచి పెడతారు. నా మీటరు ముల్లు ఒకచోట ఇరుక్కుపోయి ఏది కొలిచినా ఒకటే చెప్పేది. పెద్దనాయనది వేరే పద్ధతి. పట్టపగలే వీధివైపు పెద్ద కిటికీకి గోనెపట్టా దించి, తలుపు మూసి, గది చీకటి చేసి, వాల్వులోకి చూస్తూ ప్లేటు ఎరుపు ఆరేదాకా మర తిప్పేవాడట. ఆ గోనెపట్టా ఇంకా మేకుకు వేలాడుతూనే ఉంది. నేనూ దాన్నే దించాను.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అది. వీధిలో కుక్క కూడా లేదు. గది చీకట్లో స్విచ్చి వేశాను. వాల్వులు మెల్లగా వెలిగాయి. నిప్పురంగు తీగలు, వాటి చుట్టూ గాజు లోపలివైపున నీలంగా ఒక వెలుగు. ఆ వెలుగు గోడ మీద పడి, మేకుకు తగిలించి ఉన్న పెద్దనాయన చొక్కా నీడ కొంచెం కదిలినట్టు అనిపించింది. ప్లేట్లు సన్నగా ఎరుపెక్కుతున్నాయి. స్క్రూడ్రైవరు పట్టుకుని వంగాను. అప్పుడే వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది. "ఒరే అబ్బోడా, మజ్జిగ తాగుతావా?"

"ఊఁ."

నేను నోరు తెరవలేదు. అది లోతుగా, బొంగురుగా, తీరిగ్గా వచ్చిన ఊఁ. నా ముందున్న డబ్బాలోంచి వచ్చింది. స్క్రూడ్రైవరు ఎప్పుడు కిందపడిందో నాకు తెలియదు. చిన్న కిటికీలోంచి మజ్జిగ గ్లాసు, దాని వెనక పెద్దమ్మ చెయ్యి లోపలికి వచ్చి ఆగిపోయాయి. మజ్జిగ ఒలికి గోడ వెంట కారుతోంది.

"ఊఁ అనింది నువ్వేనా?"

"నేను కాదు పెద్దమ్మా."

తర్వాత ఆమె, నేను ఆ ఇంట్లో ఎన్నడూ వినని గొంతుతో, కొత్తకోడలు పిలిచినట్టు, "ఏమయ్యా?" అంది.

"ఊఁ" అంది డబ్బా.

నేను స్విచ్చి తీసేసి బయటపడ్డాను. ఆ పూట నాకు జ్వరమే వచ్చింది. పెద్దమ్మకు మాత్రం ఏమీ కాలేదు. సాయంత్రం నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "భయమెందుకురా, మీ పెద్దనాయనే గదా?" అంది. నాకు దడ ఇంకా పెరిగింది.

మరునాడు ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ పరీక్ష చేశాను. నేను మాట్లాడాను, డబ్బా పలకలేదు. పాడాను, పలకలేదు (పాట విని పలక్కపోవడంలో దాని తప్పేం లేదు). చప్పట్లు కొట్టాను, బల్ల గుద్దాను, ఉలకలేదు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి "తలుపు దగ్గరికి వేసినావేందిరా" అనగానే "ఊఁ". ఆమె మాటకు తప్ప ఇంకెవరి మాటకూ అది బదులివ్వలేదు. బదులు కూడా వెంటనే రాదు. ఆమె మాట ముగించాక, మనిషి ఆలోచించుకునేంత సేపు ఆగి, అప్పుడు వస్తుంది.

ఇంక చూడండి. వంటపని ముగించుకుని, పీట తెచ్చుకుని, మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆమె ఆ చీకటిగదిలో వచ్చి కూర్చునేది. నేను మూలకు ఒదిగి కూర్చునేవాణ్ణి, ఎందుకంటే స్విచ్చి వెయ్యడానికీ తీయడానికీ నేనే ఉండాలి, ఆమె దాన్ని ముట్టుకోనని తేల్చి చెప్పింది. ఆ నీలపు వెలుగులో ముక్కుపుడక మెరుస్తుంటే, మూడేళ్ళ మాటలు ఒక్కొక్కటే తీసి అప్పగించేది. "ఎదురింటాయమ్మ మన గోడ మీద పిడకలు కొడతా ఉండాది, అడిగేవాళ్ళు లేరని. విన్నావా?" ఊఁ. "మీ తమ్ముని కొడుకు ఈడే ఉండాడు. సదివేది తక్కువ, ఈ వాయించేది ఎక్కువ. రవంత బుద్ధి సెప్పు." ఊఁ. (నేను మూలలో ఇంకా కుంచించుకునేవాణ్ణి.) "బతికినన్నాళ్ళూ ఊఁ అనే అంటివి. పైనబోయినాక అన్నా రెండు మాటలు నేర్సుకోకూడదా?" ఊఁ. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "సూడ్రా, రవంత కూడా మారలా" అని ఫిర్యాదు చేసేది. నాకు నవ్వు వచ్చేది, ఆ వెనకనే వీపు మీద చల్లగా ఏదో పాకేది. నవ్వు పూర్తిగా నవ్విందీ లేదు, భయం పూర్తిగా పడిందీ లేదు.

ఈలోగా జాతరకు నాలుగు రోజులే మిగిలాయి. కీబోర్డన్న సౌండు చూసుకోవడానికి ఇంటికి వచ్చాడు. గిటారు తగిలించి ఒక్క తీగ మీటాను. కిటికీ రెక్కలు అదిరాయి. ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బా! ఇన్నాళ్ళు యాడ పెట్టినావప్పా దీన్ని?" అన్నాడు. అంతలో పెద్దమ్మ వచ్చి, ఆయన్ను పలకరించి, పక్కకు తిరిగి డబ్బాతో, "ఎవరో వచ్చినారు, కాపీ పెట్టేదా?" అని అడిగింది. డబ్బా కాస్త ఆలోచించి ఊఁ అంది. కీబోర్డన్న నా మొహంలోకి చూశాడు. నా మొహం చూశాకే ఆయనకు అర్థమైనట్టుంది. కాఫీ కోసం ఆగలేదు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కునే ఓపిక కూడా లేక పరిగెత్తి, మెట్టు మీద కాలు మడతపడి, ఆ సాయంత్రమే ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకుని వచ్చాడు. చెప్పులు ఇవ్వడానికి నేను వెళితే, మంచం మీద కూర్చుని, కట్టుకాలు దిండు మీద పెట్టుకుని, ముందు చెప్పుల్ని అనుమానంగా చూశాడు. "నీ సౌండు నాకు కావల్ల. ఆ ఊఁ అనేది మాత్రం నా స్టేజీ మీద ఉండకూడదు. అమ్మవారి ముందర పాడేవాళ్ళం మనం. అది పోయేట్టు సేసుకోని రా, లేదంటే గిటారు ఇంట్లోనే పెట్టుకో" అన్నాడు.

ఊఁ పోయే మార్గం నాకు తెలుసు. మూలలో కూర్చున్నన్నాళ్ళూ నేను చూస్తున్నది ప్లేట్లనే, అవి ఎరుపెక్కేకొద్దీ ఊఁ గట్టిపడేది. మర తిప్పి బయాసు సరిచేస్తే ఆ గొంతు ఆగిపోతుంది. మొదటిరోజు అదే చెయ్యబోయాను కదా, ఆమె మజ్జిగ తాగుతావా అంది, నేను ఆగిపోయాను. తర్వాత మరను ముట్టుకోబుద్ధి కాలేదు. ముట్టుకోకపోతే ప్లేట్లు రోజురోజుకూ ఇంకా ఎర్రగా కాలుతున్నాయి. ఆమెకు చెప్పాలి. ఎలా చెప్పను?

ఆ మరునాటి మధ్యాహ్నం ఆమె అసలు సంగతి అడిగింది. ఇన్ని రోజులూ గోడ మీది పిడకలూ, నా చదువూ, అన్నీ దీనికోసమే ముందు వరసలో నిలబెట్టిందని అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ పెట్టె నేను తెలీక కాల్సినా. ఆ పొద్దు కోపంతోనే పోయినావా?" అంది. డబ్బా ఆగింది. ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగినట్టనిపించింది నాకు. తర్వాత "ఊఁ" అంది. పెద్దమ్మ భుజాలు కుంగిపోయాయి. నాకు ఆ డబ్బాను బావిలో వేద్దామన్నంత కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకుని ఆమె మళ్ళీ అడిగింది. "కోపం లేదా మరి?" డబ్బా దానికీ ఊఁ అంది. "ఉండాదా, ల్యాదా? ఒకటి సెప్పు!" ఊఁ. "నీతో ఎట్ల సావల్ల నేను!" అని ఆమె ఏడుస్తూనే అరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. నా స్విచ్చి దగ్గరి ఎర్రబల్బు ఆరిపోయింది. గోనెపట్టా వెనక గది పూర్తిగా చీకటైంది, వాల్వుల్లో నిప్పుతీగలు మాత్రం చల్లారుతూ మినుకుమంటున్నాయి. ఆ చీకట్లో పెద్దమ్మ గొంతు చాలా మెల్లగా వినిపించింది. "అసలు నువ్వేనా?"

"ఊఁ..." అంది డబ్బా, కరెంటు లేకుండా.

"కరెంటు ల్యాదు గదరా?" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా" అన్నానో, అందామనుకున్నానో. నేను వీధిలో తేలాను. కాళ్ళకు చెప్పులు లేవు, తారు రోడ్డు కాలుతోంది, ఒక కాలు మార్చి ఒక కాలు మీద ఎగురుతున్నాను, అయినా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. పిడకల ఆయమ్మ గోడ మీంచి చూసి, "ఏంది నాయనా, డ్యాన్సు కూడా నేర్సుకుంటా ఉండావా?" అని అడిగింది. చీకటిగదిలో పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. కరెంటు వచ్చేదాకా ఆమె లేవలేదు.

మరుసటి రోజు జాతర ముందురోజు. స్విచ్చి వేయగానే ప్లేట్లు ఎన్నడూ లేనంత ఎర్రగా వెలిగాయి. పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నది అలాగే వచ్చి, పీట మీద కూర్చుని, డబ్బా వైపు వంగి చూసింది.

"ఆ ఎర్రంగా ఉండేది ఏందిరా? నిన్న అంత ల్యా."

చెప్పేశాను. ఎక్కువ కరెంటు లాగుతోందని, అందుకే ఆ గొంతు వస్తోందని, ఇలాగే వదిలేస్తే రేపో ఎల్లుండో మాడిపోతుందని, మర తిప్పితే బతుకుతుందని, తిప్పితే ఇక ఊఁ అనదని. జాతర మాట ఎత్తలేదు. ఎత్తడానికి నోరు రాలేదు.

ఆమె చాలాసేపు ఆ ఎరుపును చూస్తూ ఉండిపోయింది. "అంటే, నేను కూర్సోని మాట్లాడతా ఉంటే ఆయప్ప లోపల కాలతా ఉండాడా?" అంది. "ఒకసారి కాల్సినాం గదరా, సాల్దా? తిప్పు."

స్క్రూడ్రైవరు లోపలికి పెట్టబోతే నా చెయ్యి గడగడ వణికింది. మర ఒక వైపు, నాలుగు వందల వోల్టులు ఒక వైపు, మధ్యలో నా ధైర్యం. "ఆ ఎడం సెయ్యి ఇట్లియ్యి" అంది పెద్దమ్మ. "ఎందుకు పెద్దమ్మా?" "ఇయ్యమంటే ఇయ్యి. మీ పెద్దనాయన పెట్టెలో సెయ్యి పెడితే ఎడం సెయ్యి నా సేతిలో ఉండల్ల. ముప్పయ్యేండ్లు అట్లనే సేసినాం." నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. గిన్నెలు తోమిన తడిచేతులు, చల్లగా ఉన్నాయి. కింద సిమెంటు గచ్చు, ఇద్దరివీ ఒట్టికాళ్ళు. వణుకు ఆగింది. మర మీద స్క్రూడ్రైవరు కుదురుకుంది.

ఆమె మాట్లాడుతూనే ఉంది, బండెక్కించి పంపేటప్పుడు చెప్పే మాటలు. "రసం పెట్టినా." ఊఁ. మర కొంచెం తిప్పాను. ఎరుపు తగ్గింది. "చెనిక్కాయల ఊరిబిండి రుబ్బినా, నీకిష్టం గదా." ఊఁ. ఈసారి పక్కగదిలోంచి వచ్చినట్టుంది. ఇంకొంచెం తిప్పాను. "నాగ్గూడా మోకాళ్ళ నొప్పి, జాస్తిగా తిరగలేను." వీధి చివర నుంచి ఎవరో దగ్గినంత చిన్నగా ఏదో వినిపించింది. ప్లేట్లు నల్లబడ్డాయి. "మద్దేనం అన్నానికి వస్తావా?"

డబ్బా ఏమీ అనలేదు. చెవి పెడితే వినపడేంత సన్నటి రొద, అంతే. మేము ఎదురుచూశాం. నేనైతే, సిగ్గు విడిచి చెబుతున్నాను, అది ఊఁ అనాలని మొక్కుకున్నాను, నా జాతర గంగలో కలిసినా సరే అనుకున్నాను. అది పలకలేదు. పెద్దమ్మ తల వంచి ఆ నిశ్శబ్దాన్ని వింటూ, "ఇదిగో, ఇట్లనే" అంది. "ఆ పొద్దు కూడా సరిగ్గా ఇట్లనే ఉండినాడు. మొగంలో కోపం ల్యా అబ్బోడా. ఏదో రేడియో గురించి ఆలోసన చేస్తా ఉండినాడు, నా మాట యిన్లా. అంతే. నేనే దాంట్లో కోపం పెట్టి సూసుకుంటా ఉండాను, మూడేండ్లుగా." నా చెయ్యి వదిలి, లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి గోనెపట్టా ఎత్తేసింది. ఎండ లోపలికి పడింది. మేకు మీది చొక్కా తీసి, దులిపి, ఉతకడానికి పట్టుకెళ్ళింది.

జాతరలో నా గిటారు కడపటి వరసకు వినిపించింది. అంతకుముందు నా తప్పులు నాకొక్కడికే తెలిసేవి, ఆ రోజు ఊరంతటికీ తెలిశాయి. కట్టుకాలు స్టూలు మీద చాపుకుని వాయిస్తున్న కీబోర్డన్న రెండో పాటకే నా వైపు చెయ్యి ఊపి, "రవంత తగ్గించప్పా, అమ్మోరు లేసి పోతాది" అన్నాడు. మూడో వరసలో కూర్చున్న పెద్దమ్మ మాత్రం పక్కవాళ్ళందరికీ నన్ను చూపిస్తూ, వాళ్ళను పాట విననివ్వకుండా మాట్లాడుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా తెలుసుకున్నాను. పాత వాల్వుల్లో తీగలు వదులైతే కొన్ని గొంతులకు అదురుతాయని, ఎక్కువ కరెంటు లాగే యాంప్లిఫయరు ఆ అదురుకు మూలుగుతుందని, కరెంటు పోయినా లోపల నిలవున్నది కొన్ని క్షణాలు పనిచేస్తుందని. అన్నీ నమ్మాను. ఆ కొన్ని క్షణాల్లోనే ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకొకటి కూడా తెలిసింది, కాలేజీ తెరిచిన మొదటి వారం, ల్యాబులో జాగ్రత్తలు చెప్పేటప్పుడు. కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టినవాడు రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలట. ఆ చెయ్యి ఇంకొకరు పట్టుకుని నిలబడితే, అదీ తడిచేత్తో, ఒట్టికాళ్ళతో, కరెంటుకు దారి వేసి ఇచ్చినట్టేనట. షాకు కొడితే ఇద్దరూ పోతారట. నాకు క్లాసులోనే చెమటలు పట్టాయి. సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చి, ఆకుకూర గిల్లుతున్న పెద్దమ్మ ముందు నిలబడి, మనిద్దరం ఆ రోజే చచ్చిపోవలసింది అని కేకలు పెట్టాను.

ఆమె తల కూడా ఎత్తలేదు. "తెలుసు లేరా" అంది.

"తెలుసా!"

"పెండ్లయిన కొత్తలోనే మీ పెద్దనాయన సెప్పినాడు. పట్టుకోవద్దు, కొడితే నీగ్గూడా కొడతాది అని. కొడితే కొట్టనీ, ఒక్కడివే పోయేదానికంటే మేలు అని నేనే సెయ్యి వదలలా."

"మీరంటే మొగుడూ పెళ్ళాం! నా చెయ్యెందుకు పట్టుకున్నావు? నాకు ఇరవయ్యేళ్ళే పెద్దమ్మా!"

"నువ్వు వణకతా ఉంటివి గదరా" అంది ఆమె. కొంచెంసేపు ఆకు గిల్లింది. తర్వాత గిల్లడం ఆపింది. "బస్టాండులో ఆయప్ప సెయ్యి ఎవురు పట్టుకున్నారో ఏమో. నేను ల్యా ఆడ."

ఇప్పుడు నా దగ్గర మంచి మీటరుంది. బయాసు పెట్టేటప్పుడు ఎడమచెయ్యి వీపు వెనకే ఉంచుకుంటాను, ఎవరికి నేర్పినా అదే నేర్పుతాను. కానీ అప్పుడప్పుడు ఆ ఇరవయ్యేళ్ళవాడు గుర్తొస్తాడు. చెమటలు కక్కుకుంటూ సైకిలు మీద వచ్చి, తన నిండుప్రాణం గురించి అంత రభస చేసినవాడు. నవ్వొస్తుంది వాణ్ణి తలుచుకుంటే. ఆ చీకటిగదిలో ఆమె పట్టుకున్నంత సేపూ, ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలని వాడికి ఒక్కసారి కూడా అనిపించలేదు.